మా అవ్వ సాకిన చెవులపిల్లులు

మా అవ్వ పెంటమ్మ ఎవరినీ నమ్మేది కాదు. పాలు పోసే మనిషి చెంబు లాక్కుని అడుగు చూసేది. బావి దగ్గర తనకంటే ముందు ఎవరు చేదారో అడిగి తెలుసుకున్నాకే బొక్కెన దించేది. దారిలో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, "వాడెందుకు నవ్విండు?" అని ఇంటికొచ్చి మమ్మల్ని నిలదీసేది. ఆ గుణంలో సగం నాకూ వచ్చిందని మా ఇంట్లో అంటారు. అననీ. ఆ సగంతోనే ఇది రాస్తున్నాను, అందుకే మా అవ్వ చెప్పిన మాటల్ని కూడా నేను పూర్తిగా నమ్మలేదు.

ఆమె అనుమానం ఆమెతోపాటే పుట్టింది. అయిజ దగ్గర ఒక పల్లెలో మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు వాళ్లది. ఆమెకు ముందు నలుగురు పుట్టి పురిట్లోనే పోయారు. ఐదోసారి ఆడపిల్ల పుట్టగానే, తల్లికి మొహం కూడా చూపించకుండా చేటలో పెట్టుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. కాసేపటికి మంత్రసాని ఏమీ ఎరగనట్టు అటు పోయి, ఎవరో పారేసిన పిల్ల దొరికిందని ఎత్తుకొచ్చి తల్లి ఒడిలో వేసింది. చావును ఏమార్చడానికి మా వైపు అలా చేస్తారు. పెంటమ్మ అన్న పేరు అట్లా వచ్చింది.

"నన్ను బతికిచ్చిందే ఒక అబద్ధం. ఇంగ నేనెవర్ని నమ్మాలె?" అనేది అవ్వ.

ఆ చేట మోసిన మంత్రసాని కూతురే జోగులమ్మ. అవ్వ కంటే ఆరేడేళ్లు పెద్దది. తల్లి దగ్గర పని నేర్చుకుని, గద్వాలలో నేతవాళ్ల వీధి చివర ఇల్లు కట్టుకుని, ఊళ్లో సగం పురుళ్లు తన చేతుల మీదుగా పోసేది. ఆకులూ వేర్లూ బాగా తెలిసిన మనిషి. మా అవ్వ లోకంలో కాస్తో కూస్తో నమ్మింది ఎవరినంటే, ఈ జోగులమ్మనే. చివరికి ఆమెకే అన్యాయం చేసింది.

మా తాత కలరా గత్తరకు పోయాక, అవ్వ తన రెండెకరాల చెలక కౌలుకిచ్చి, కూతురిని, అంటే మా అమ్మ జములమ్మను, తెలకపల్లిలో ఇచ్చి పెళ్లి చేసి, గద్వాలలో వకీలు అనంతయ్య గారింట్లో పనికి కుదిరింది. బర్రెలకు గడ్డి కోయడం, పాలు పితకడం పని. కొట్టం పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. 1939లో, దసరాకు ముందు, బెంగుళూరులో ఉండే స్నేహితుడెవరో వకీలు గారికి రైల్లో ఒక చెక్కపెట్టె పంపాడు. తెరిస్తే నాలుగు తెల్లటి చెవులపిల్లులు. పుస్తకాల్లో కుందేళ్లంటారు గానీ మాకవి చెవులపిల్లులే. చేలల్లో ఎగిరే బూడిదరంగువి అవ్వకు తెలుసు. ఇట్లాంటివి మాత్రం ఎన్నడూ చూడలేదు.

"కండ్లు గింత ఎర్రగున్నయి, కల్లు తాగినయా ఏంది?" అందట. "నోట్ల ఏం లేకున్నా నములుతనే ఉన్నయి. ఏం దాచుకున్నయో నోరు తెరిచి సూడుండ్రి."

అయినా సాకే పని ఆమెకే పడింది. పడ్డాక మాత్రం ప్రాణం పెట్టి సాకింది. పొద్దున కోసిన గరికను మంచు తడి ఆరేదాకా గోనె మీద పరిచి గానీ గూట్లో వేసేది కాదు, తడి గడ్డి తింటే వాటికి కడుపు ఉబ్బుతుందని ఒక్కరోజులో కనిపెట్టింది. మునగాకు, అవిశాకు, తోటకూర కాడలు, గుప్పెడు నానబెట్టిన శనగలు పెట్టేది. మగవాటిని వేరే గూట్లో ఉంచేది. ఒకసారి ఆడదాని పొట్ట మీద బొచ్చు ఊడి కనిపించింది. తోట పని చేసే శాంతయ్యే పీకుతున్నాడని మూడు రోజులు అతనితో పోట్లాడింది. నాలుగో రోజు పొద్దున గూటి మూలన ఆ బొచ్చు కుప్పలోనే ఆరు పిల్లలు కదులుతున్నాయి. పిల్లలకు పక్క వేయడానికి తల్లే తన బొచ్చు పీక్కుంది. శాంతయ్యకు మా అవ్వ క్షమాపణ ఏమీ చెప్పలేదు. "నువ్వు పీకలే గానీ, పీకేటోడివే" అందట.

రెండేళ్లలో గూళ్లు నిండాయి. వకీలు గారి భార్య నర్సమ్మ పేరంటానికొచ్చిన వాళ్లకు పిల్లల్ని చూపించి మురిసిపోయేది. ఐదిళ్ల వాళ్లు జతలు అడిగి తీసుకున్నారు. "పెంటమ్మ చెయ్యి పడితే పొట్ట నిలుస్తది" అని ఊళ్లో ఆడవాళ్లు అనుకునేవాళ్లట. నలుగురు పోయాక పెంటకుప్ప మీద దొరికిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట పోతుందేమోనన్న భయంతోనే తర్వాత చేసిందంతా చేసింది.

1941 వానాకాలంలో ఒక తల్లికి పాలు పడలేదు. అవ్వ పోయి జోగులమ్మను పిలుచుకొచ్చింది. జోగులమ్మ దాని పొట్ట తడిమి, బాలింతలకు పాలు పడటానికి ఇచ్చే పిల్లిపీచర గడ్డ తెచ్చి, చిన్న ముక్కలు చేసి, మెంతాకుతో కలిపి ఐదు రోజులు పెట్టమంది. పాలు పడ్డాయి. పిల్లలు దక్కాయి. జతలు తీసుకున్న ఇళ్లవాళ్లు కూడా ఆ గడ్డే అడిగి తీసుకుపోయారు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. చలికాలం వచ్చింది, పచ్చిక తగ్గింది. పత్తి ఇళ్లకు చేరింది. మా సీమలో బర్రె పాలు చిక్కబడాలంటే ఏం చేస్తారు? పత్తి గింజలు నానబెట్టి, రోట్లో రుబ్బి కుడితిలో కలుపుతారు. బర్రెకు అంత బలమిచ్చేది చెవులపిల్లికి ఇవ్వదా అనుకుంది అవ్వ. సాయంత్రం బర్రెలకు రుబ్బినప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి వీటికీ వేసింది. ఇష్టంగా తిన్నాయి. పిడికెడు రెండు పిడికిళ్లయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఐదిళ్ల వాళ్లూ నేర్చుకుంటారు, తన చేతి మహిమ పోతుంది. జోగులమ్మకు కూడా చెప్పలేదు.

మాఘం నాటికి గూళ్లలో ఏదో తేడా వచ్చింది. జత కలిపినా ఆడవి కట్టడం లేదు. కట్టినవి నెల నిండకముందే ఈసుకపోతున్నాయి, నెత్తురు ముద్దల్లాంటి పిల్లలు గడ్డిలో పడి ఉండేవి. అవ్వకు పిచ్చెక్కినట్టయింది. పిల్లి వాసన తగిలిందేమోనని గూళ్ల చుట్టూ ముళ్లకంప వేసింది. శాంతయ్య చుట్ట పొగ తగులుతోందని అతన్ని కొట్టం వైపు రానివ్వలేదు. చూడవచ్చిన ముత్తైదువుల్లో ఎవరి కన్ను చెడ్డదో వేళ్ల మీద లెక్కపెట్టింది. అందరినీ అనుమానించింది, తన రోలును తప్ప.

ఉగాదికి నాలుగు రోజుల ముందు జోగులమ్మ వకీలు గారింటికి వచ్చింది. చిన్న కోడలు విజయమ్మకు అయిదో నెల. ఆ పురుడు జోగులమ్మే పోయాలని ముందే అనుకున్నారు. ఆమె విజయమ్మ దగ్గర కూర్చుని ఉండగా, వరండాలో పెట్టిన ఆమె సంచిని అవ్వ విప్పి చూసింది. ఇతరుల సంచులు విప్పడం మా అవ్వకు తప్పుగా తోచేది కాదు. అందులో ఒక వేరు దొరికింది. దాన్ని పట్టుకుని నడిచి లోపలికి పోయింది.

"అమ్మా, సూడుండ్రి. గిది చిత్రమూలం. కడుపు దీసే వేరు. నా చెవులపిల్లుల పొట్టలు ఊకెనే పోతున్నయనుకున్నరా?"

జోగులమ్మ లేవను కూడా లేవలేదు. "పెంటీ, అది నొప్పులకు పైన పూసేటిది. పోయినేడు నీ మోకాలికి నేనే పూసిన గద."

పూసింది. అవ్వకు గుర్తుంది. గుర్తుండి కూడా, "పూసేది నాకు, తినిపిచ్చేది వాటికి" అంది. నాకు ఈ మాట చెప్పేటప్పుడు కూడా అవ్వ గొంతు గట్టిగానే ఉండేది. వినే నాకే ఒళ్లు మండేది.

నర్సమ్మ చెడ్డ మనిషి కాదు, కానీ కోడలు కడుపుతో ఉంది. ఆమె వేరు వైపు చూసింది, కోడలి పొట్ట వైపు చూసింది. "జోగులమ్మా, కొన్నాళ్లు మా ఇంటి దిక్కు రాకు" అంది. విజయమ్మ ఏదో అనబోయింది గానీ అత్త మాట దాటే ధైర్యం లేకపోయింది.

రెండు రోజుల్లో ఆ మాట బావి దాటి, బజారు దాటి, నేతవాళ్ల వీధికి చేరింది. జోగులమ్మ కడుపులు పోగొడుతుందట. మంత్రసానికి అంతకంటే చావు లేదు. ఆమెకు మొగుడు లేడు, భూమి లేదు, ఉన్నదంతా ఆ పేరే. రోజూ ఎవరో ఒకరు తలుపు తట్టే ఇంటికి మనుషులు రావడం మానేశారు.

వారం తర్వాత ఆమె వచ్చి వకీలు గారి వాకిట్లో నిలబడింది.

"అయ్యా, మీ కచేరీల దొంగను గూడ అడుగుతరు, నువ్వు జేసినవా లేదా అని. నన్నెవరూ అడగలే."

"సరే, ఇప్పుడడుగుతున్నాను. చెప్పు" అన్నాడు అనంతయ్య గారు.

"మీరిచ్చిన చెవులపిల్లులు ఐదిండ్లల్ల మంచిగ ఈనుతున్నయి. నా గడ్డ ఆ ఇండ్లల్ల గూడ పెట్టిండ్రు. గీడ మాత్రమే పోతున్నయంటే మేతల ఏదో ఉంది. రెండు ఆడయి నాకియ్యుండ్రి. మగదాన్ని ఆ ఇండ్లల్ల ఎవర్నన్న అడిగి తెచ్చుకుంట. రెండు నెలలు సాకి సూపిస్త. అవి గూడ ఈసుకపోతే నేను గద్వాల ఇడిసిపెట్టి పోత. నిలిస్తే నా పేరు నాకియ్యుండ్రి."

వకీలు గారికి ఆ మాట నచ్చింది. అవ్వను పిలిచి, మేతలో ఏమేం పెడుతున్నావని అడిగాడు.

"గరిక, మునగాకు, అవిశాకు, శెనిగలు. అంతే అయ్యా."

అప్పటికి ఆమెకు పత్తి గింజల మీద అనుమానం లేదు, అది నేను నమ్ముతాను. గుట్టు బయటపడుతుందనే చెప్పలేదు. కానీ జోగులమ్మ అక్కడే నిలబడి ఆ "అంతే"ను విన్నది.

రెండు చెవులపిల్లులు బుట్టలో జోగులమ్మ ఇంటికి పోయాయి. అవ్వకు కుదురు లేకుండా పోయింది. పదకొండో రోజు కొడవలి చేతపట్టుకుని, గడ్డికి పోతున్నట్టు నేతవాళ్ల వీధి వెనకగా పోయి, జోగులమ్మ పెరటి మట్టిగోడ మీంచి తొంగిచూసింది. ఏ మంత్రం వేస్తుందో, ఏ పసరు పోస్తుందో పట్టుకుందామని.

గోనె మీద గరిక ఆరుతోంది, అచ్చం తాను ఆరేసినట్టే. పక్కన మునగరెమ్మ, అవిశాకు. చిన్న గిన్నెలో నానిన శనగలు. పిల్లిపీచర గడ్డ ముక్కలు కూడా ఉన్నాయి. చెవులపిల్లులు రెండూ ఒళ్లు నిగనిగలాడుతూ తింటున్నాయి. తాను పెట్టేవన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. అవ్వ చాలాసేపు చూసి, గడ్డి కోయకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ రోజు ఏం తోచిందని నేను అవ్వను ఎన్నిసార్లు అడిగానో. "ఏం తోచలే" అనేది ప్రతిసారీ. కానీ ఒకసారి వేరే ఏదో మాటల మధ్య నోరు జారింది. ఆ సాయంత్రం నుంచి పత్తి గింజల ముద్దను చెవులపిల్లులకు వేయలేదట, మొత్తం బర్రెకే కలిపిందట. ఏమీ తోచని మనిషి ఎందుకు మానేసినట్టు? ఆమెకు ఆ గోడ దగ్గరే తెలిసిపోయింది. తెలిసీ నోరు విప్పలేదు. ఒప్పుకుంటే చేతి మహిమ పోతుంది, పనీ పోవచ్చు. వకీలు గారి ముందు ఆడిన అబద్ధం ఒకటి ఉండనే ఉంది. రెండు నెలలు గడిస్తే జోగులమ్మవి ఎలాగూ ఈనుతాయి, తన ప్రమేయం లేకుండానే ఆమె పేరు ఆమెకు వస్తుంది అనుకుని ఉంటుంది. నేనైతే అలాగే అనుకునేదాన్నేమో, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ లెక్కలో పుట్టబోయే పిల్లలు లేరు.

నెల గడిచింది. నేతవాళ్ల వీధిలో ఎంకమ్మ అనే అమ్మాయికి తొలిచూలు నొప్పులు మొదలయ్యాయి. జోగులమ్మ ఇల్లు నాలుగు గడపల అవతలే ఉంది. ఆమెను పిలవలేదు. ఇంట్లో పెద్దవాళ్లే చూసుకుందామన్నారు. బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చింది. అరుపులు విని జోగులమ్మ తనంతట తానే పరుగెత్తింది. గడప దగ్గర ఆపేశారు. "నీ చెయ్యి వద్దు తల్లీ" అని దండం పెట్టారట. ఆమె ఆ గడప బయటే కూర్చుండిపోయింది. మధ్యాహ్నానికి ఎంకమ్మ బతికింది, బిడ్డ బతకలేదు.

మర్నాడు పొద్దున బావి దగ్గర అవ్వ ఈ మాట విన్నది.

"ఆడపిల్లనా, మగపిల్లగాడా?" అని అడిగిందట.

"ఆడపిల్ల."

బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. పత్తి గింజలు నానబెట్టిన బుట్టను నీళ్లు కారుతుండగా అట్లాగే చంకనెత్తుకుని, వరండాలో ఉన్న నర్సమ్మ ముందు దింపింది. "అమ్మా, చెవులపిల్లులకు ఇవి పెట్టింది నేను. వాటి కడుపులు తీసింది నేను. జోగక్క ఏం చెయ్యలే" అంది. లోపలి నుంచి వచ్చిన వకీలు గారు అంతా విని, "ఇక్కడ చెప్పి ఏం లాభం పెంటమ్మా? ఆ వీధిలో చెప్పు" అన్నాడు.

అవ్వ పోయింది. ఆ బుట్టతోనే పోయింది. నేతవాళ్ల వీధిలో పొద్దున పూట మగ్గాల చప్పుడు తప్ప మరోటి వినపడదు. నడివీధిలో నిలబడి అరిచి చెప్పింది, ఎన్ని రోజుల నుంచి పెట్టిందీ, ఎవరికీ చెప్పకుండా ఎట్లా దాచిందీ, చిత్రమూలం నొప్పుల మందని తెలిసీ ఎట్లా అబద్ధమాడిందీ. ఒక్కో మగ్గం ఆగుతూ వచ్చింది. ఎంకమ్మ ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

జోగులమ్మ తన వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"నిన్న" అంది అవ్వ.

"నిన్ననా?"

అవ్వ తల ఎత్తలేదు. జోగులమ్మ ఇంకేమీ అడగలేదు. పెరట్లో చెవులపిల్లులకు గరిక వేస్తూ, గోడ మీద కొడవలి కొనను, దాని పక్కన రెండు కళ్లను ఆమె ఆ పదకొండో రోజే చూసింది. ఈ సంగతి నాకు చెప్పింది జోగవ్వే, మా అవ్వ పోయిన చాన్నాళ్లకు. నలుగురిలో ఆ మాట ఎందుకు అనలేదని అడిగితే, "అంటే నీ అవ్వను ఆ వీధిల బతకనిస్తురా?" అంది.

ఆరు రోజులకు జోగులమ్మ దగ్గరున్న రెండూ ఈనాయి. ఒకదానికి ఏడు, ఒకదానికి ఆరు. చూడటానికి ఊరు కదిలింది. నర్సమ్మ స్వయంగా పోయి ఆమెను పిలుచుకొచ్చింది. ఆషాఢంలో విజయమ్మకు ఆ చేతుల మీదే సుఖంగా కాన్పయింది. మళ్లీ జోగులమ్మ తలుపు తట్టేవాళ్లు మొదలయ్యారు. చెవులపిల్లుల్ని శాంతయ్యకు అప్పగించారు. అవ్వను పనిలోంచి తీయలేదు గానీ, బర్రెలు మాత్రమే మిగిలాయి. ఎంకమ్మ ఆ వీధిలో మా అవ్వ ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

1944లో మా అమ్మ తెలకపల్లి నుంచి పురిటికి వచ్చింది, నన్ను కడుపులో పెట్టుకుని. నొప్పులు మొదలవగానే అవ్వ చెప్పుల్లేకుండా పరుగెత్తి జోగులమ్మ వాకిట్లో నిలబడింది. రమ్మనడానికి నోరు రాక ఊరికే నిలబడిందట. జోగులమ్మ సంచి తీసుకుని ముందు నడిచింది. కొట్టం పక్క ఆ చిన్న గదిలో, పొద్దు గుంకేలోపు, నన్ను ఈ లోకంలోకి తీసింది. చేటలూ లేవు, పెంటకుప్పా లేదు. కడిగి, తుడిచి, నేరుగా మా అమ్మ ఒడిలోనే పెట్టింది.

చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో కూలబడితే, అవ్వ ముంతలో మజ్జిగ పోసి ఇచ్చింది. జోగులమ్మ ముంత అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తాగలేదు. ముంతను తిరిగి అవ్వ చేతికిచ్చింది.

"ముందు నువ్వు తాగు, పెంటీ."

ఊళ్లో అందరి చెంబులూ వంచి చూసిన మా అవ్వ, ముంత ఎత్తి గుక్కెడు నోట్లో పోసుకుని మింగింది. జోగులమ్మ ఆమె మొహం వైపే చూస్తూ కాసేపు ఆగి, అప్పుడు తాగింది.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు ఆమె మా అవ్వ ఇంటికి వస్తూ పోతూనే ఉంది. మా అమ్మ పురిటికి వచ్చిన ప్రతిసారీ, మా తమ్ముళ్లనూ చెల్లెలినీ కన్నప్పుడు కూడా, ఆమే పురుడు పోసింది. వచ్చినప్పుడల్లా అవ్వ మజ్జిగో అంబలో కలిపేది. నాకు బుద్ధి తెలిశాక నేను చూశాను. జోగవ్వ అడగాల్సిన పని ఉండేది కాదు. అవ్వే ముందు ఒక గుక్క తాగి, ముంత ఆమెకు అందించి, ఆమె తాగేదాకా అక్కడే నిలబడేది.